రెండు అడ్మిట్లు, ఒక్క ఏప్రిల్

(విదేశీ చదువులకు వెళ్తున్న విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ ఖాళీలున్నాయి.

ఇవాళ నేను మాట్లాడేది అదృష్టవంతుల కష్టం గురించి. మార్చి ఆఖరుకల్లా అమెరికాలో పెద్ద యూనివర్సిటీల ఫలితాలు వచ్చేస్తాయి. మే 1 లోపు ఏదో ఒకదానికి సరేనని చెప్పాలి. మధ్యలో మిగిలేది ఏప్రిల్ ఒక్కటే. ఆ నెలంతా చేతిలో రెండు అడ్మిట్లు, అంటే సీటిచ్చామన్న కబుర్లు, పెట్టుకుని నిద్రపట్టని పిల్లలు కొందరుంటారు. హార్వర్డా, ఎమ్ఐటీయా? స్టాన్‌ఫర్డా, బర్క్‌లీయా? యేలా, ప్రిన్స్‌టనా? ఒక్కటీ రానివాళ్ళు వింటే ఒళ్ళు మండుతుంది, నిజమే. కానీ కష్టం కష్టమే.

ఇంట్లో ముందు ర్యాంకులు తీస్తారు. ఒకటి మూడో స్థానంలో ఉంటుంది, ఇంకోటి నాలుగులో. పోయినేడు అటుది ఇటు, ఇటుది అటు. దాంతో తేలదు. తర్వాత నోబెల్ బహుమతులు లెక్కపెడతారు. అక్కడా తేలదు. చివరికి పిల్ల నోరు తెరిచి, "నాకు అక్కడ బాగా అనిపించింది నాన్నా" అంటుంది. అంతే, తండ్రి ముఖం మారిపోతుంది. "అనిపించడమేంటమ్మా? నాలుగేళ్ళ చదువు! అనిపించిందని తేల్చేస్తామా?"

నేను ఆ పిల్ల తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చాను. అయితే పూర్తిగా కాదు. ఆమె అన్న మాటలో సగం చాలా విలువైనది, సగం బొత్తిగా పనికిరానిది. ఏ సగం ఏదో తెలిస్తే చాలు, తండ్రీ కూతుళ్ళు కొట్టుకోనక్కర్లేదు.

ముందు తండ్రిగారి భయం సంగతి చూద్దాం. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఒక పరిశోధన అచ్చువేశారు. 1976లో కాలేజీల్లో చేరినవాళ్ళ వివరాలు తీసుకున్నారు. పేరున్న కాలేజీలో చదివినవాళ్ళు సగటున ఎక్కువ సంపాదిస్తారని అందరికీ తెలిసిందే. వీళ్ళు ఆ ప్రశ్నని ఇంకోలా అడిగారు. ఇద్దరు విద్యార్థులున్నారు. ఇద్దరూ ఒకే స్థాయి కాలేజీలకి దరఖాస్తు పెట్టారు, ఇద్దరికీ ఒకే స్థాయి చోట్ల సీట్లొచ్చాయి. కానీ ఒకరు పెద్దపేరున్నదానికి వెళ్ళారు, ఇంకొకరు కాస్త తక్కువ పేరున్నదానికి వెళ్ళారు. తర్వాత వాళ్ళ జీతాలు ఎలా ఉన్నాయి? చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ వల్ల లాభం కనిపించింది. ఆ మినహాయింపు చిన్నది కాదు, మర్చిపోకండి. కానీ మన పిల్ల ముందున్నవి రెండూ కొండలే. ఏ కొండ ఎక్కినా కిందపడేది లేదు. అలాంటప్పుడు మనసుకి ఏమనిపిస్తోందో వినడం తప్పు కాదు.

డబ్బు సంగతి ఒక్కమాటలో చెప్పి వదిలేస్తాను. ఒకచోట ఎయిడ్, అంటే ఫీజుకి ఆర్థిక సాయం, వచ్చి, రెండోచోట ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తుంటే, నేను చెప్పేది మీకు వర్తించదు. ముందు ఆ లెక్క తేల్చుకోండి.

సరే, పనికిరాని సగం ఏదో చూద్దాం.

యూరి సైమన్‌సన్ అనే పరిశోధకుడు 2010లో ఒక పత్రం ప్రచురించాడు. ఒక యూనివర్సిటీ ఉంది. పేరు చెప్పలేదు. చదువుకి గట్టిది, సరదాలకి అంతంతమాత్రం అని పేరు. అక్కడికి క్యాంపస్ చూడటానికి వచ్చిన 1,284 మంది విద్యార్థుల వివరాలు తీశాడు. వాళ్ళు వచ్చిన రోజు ఆకాశం ఎలా ఉందో కూడా తీశాడు. ఇప్పుడు మీరు చెప్పండి, ఎండగా ఉన్న రోజు వచ్చినవాళ్ళు ఎక్కువమంది చేరారా, మబ్బు పట్టిన రోజు వచ్చినవాళ్ళా?

(సభలో: "ఎండ రోజు!")

అందరూ అదే అంటారు. కాదండీ, మబ్బు రోజే. మబ్బు ఒక ప్రామాణిక విచలనం మేర, అంటే రోజుకీ రోజుకీ మామూలుగా ఉండే తేడా అంత, ఎక్కువుంటే, చేరే అవకాశం 9 శాతం పాయింట్లు పెరిగింది. ఎందుకంటే ముసురు పట్టిన రోజున లైబ్రరీలో కూర్చుని చదువుకోవడం హాయిగా కనిపిస్తుంది. అదే లైబ్రరీ ఎండ కాసిన రోజున జైల్లా కనిపిస్తుంది. ఆ పిల్లల్లో ఎవరినడిగినా "నేను వాతావరణం చూసి చేరలేదు" అనే అంటారు. అబద్ధం ఆడరు కూడా. వాళ్ళకి నిజంగానే తెలియదు. నాలుగేళ్ళ నిర్ణయంలోకి ఒక మధ్యాహ్నపు మబ్బు దూరిపోయింది.

వాతావరణం మాట వచ్చింది కాబట్టి కాలిఫోర్నియా సంగతి కూడా. డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ 1998లో దాదాపు 2 వేల మంది విద్యార్థుల్ని అడిగారు. సగం కాలిఫోర్నియాలో చదివేవాళ్ళు, సగం మిషిగన్, ఒహాయో వైపు చలిలో చదివేవాళ్ళు. "నీ జీవితం నీకెంత తృప్తిగా ఉంది?" అని అడిగితే రెండుచోట్లా జవాబులు ఒకటే. "అక్కడివాళ్ళు ఎలా ఉంటారనుకుంటున్నావు?" అని అడిగితే మాత్రం రెండువైపులవాళ్ళూ కాలిఫోర్నియావాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉంటారన్నారు. మంచులో చదువుతున్నవాళ్ళకి మంచు కొన్నాళ్ళకి కనబడటం మానేస్తుంది. తాటిచెట్లూ అంతే. స్టాన్‌ఫర్డ్‌లో పామ్ డ్రైవ్ అని చెట్ల బారు మధ్యనుంచి లోపలికి వెళ్తారు, మొదటిసారి వెళ్తే నోరు తెరుచుకుని చూస్తారు. పదో వారం పరీక్షకి సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడికి ఆ చెట్లు ఉన్నాయో లేవో కూడా పట్టదు.

ఇక రాళ్ళు. యేల్‌కి వెళ్ళినవాళ్ళు ఆ గోతిక్ గోపురాలు చూసి, "ఎన్ని శతాబ్దాల చదువు ఇక్కడ ఊరిందో" అనుకుంటారు. చదువు పాతదే, 1701 నాటి సంస్థ. గోపురాలు మాత్రం పాతవి కావు. హార్క్‌నెస్ టవర్ పూర్తయింది 1921లో. ఆ కోటలాంటి రెసిడెన్షియల్ కాలేజీలు తెరిచింది 1933లో. జేమ్స్ గ్యాంబుల్ రోజర్స్ అనే వాస్తుశిల్పి వాటిని పాతవాటిలా కనబడేలా కట్టాడు. మధ్యయుగం మోటారు కార్ల కాలంలో తయారైందన్నమాట. అందంగా లేదని నేననను. నాకు చాలా ఇష్టం కూడా. కానీ అక్కడ నిలబడ్డప్పుడు ఒళ్ళు పులకరిస్తే, ఆ పులకరింత మీ చదువు గురించి ఏమీ చెప్పదు. రోజర్స్ పనితనం గురించి చెబుతుంది.

పైగా మనల్ని పిలిచేదే వాళ్ళు ముస్తాబైన రోజున. హార్వర్డ్‌లో విజిటాస్ అంటారు, యేల్‌లో బుల్‌డాగ్ డేస్, ఎమ్ఐటీలో క్యాంపస్ ప్రివ్యూ వీకెండ్. సీట్లొచ్చినవాళ్ళందర్నీ పిలిచి రెండు మూడు రోజులు ఊపిరాడనివ్వరు. చుట్టాలొచ్చిన రోజు చూసి ఆ ఇల్లు రోజూ అలాగే ఉంటుందనుకుంటే ఎలా?

ఇక విలువైన సగం. ఇక్కడ నాకు కాస్త ఎక్కువ టైమ్ కావాలి.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, సైన్యం నుంచి తిరిగొచ్చి పెళ్ళిళ్ళు చేసుకుని చదువుకుంటున్నవాళ్ళ కోసం ఎమ్ఐటీ వెస్ట్‌గేట్ అని ఒక కాలనీ కట్టింది. వచ్చినవాళ్ళు దాదాపు ఒకరికొకరు కొత్తవాళ్ళు. ఏ ఇల్లు ఖాళీ అయితే అందులో చేరేవాళ్ళు. లియన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బాక్ అక్కడికెళ్ళి "నీ స్నేహితులెవరు?" అని అడిగారు. 1950లో పుస్తకం వేశారు. ఒకే అంతస్తులో పక్క తలుపు వాళ్ళని స్నేహితులుగా చెప్పినవి 41 శాతం. అదే అంతస్తులో ఆ చివర ఉన్నవాళ్ళని చెప్పినవి 10 శాతం. ఆ చివర అంటే ఎంత దూరం అనుకుంటున్నారు? మధ్యలో మూడు తలుపులు, అంతే! ఇంకో విశేషం కూడా ఉంది. మెట్ల మొదట్లో ఉన్న ఇళ్ళవాళ్ళకి పై అంతస్తులో స్నేహితులు ఎక్కువ. వాళ్ళు మంచివాళ్ళని కాదు. పైవాళ్ళు రోజూ వాళ్ళ గుమ్మం ముందునుంచే దిగాలి కాబట్టి.

నాకు ఇది చదివినప్పుడు కొంచెం బాధ కూడా వేసింది. మన ప్రాణస్నేహితుల్ని మనం ఎంచుకున్నామనుకుంటాం, సగం పని మేస్త్రి ముందే చేసిపెట్టాడు.

రూమ్మేట్ల సంగతీ అంతే. డార్ట్‌మత్ కాలేజీలో మొదటి ఏడాది రూమ్మేట్లని లాటరీలా కేటాయించేవాళ్ళు. బ్రూస్ సాసర్డోట్ 2001లో అది పరిశీలించాడు. రూమ్మేట్ మార్కులు ఎలా ఉంటే నీ మార్కులు కొంత అటు లాగుతాయి. ఫ్రెటర్నిటీలో, అంటే మగపిల్లల క్లబ్బులో, చేరతావా లేదా అన్నదీ లాగుతుంది. ఏ సబ్జెక్టులో మేజర్ చేస్తావన్నది, అంటే ఏది ముఖ్య సబ్జెక్టుగా తీసుకుంటావన్నది, మాత్రం మారదు. ఈ చివరిమాట తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోండి. "చెడు సావాసంతో కంప్యూటర్ సైన్స్ వదిలి ఫిలాసఫీ తీసుకుంటాడేమో" అని బెంగ పెట్టుకునేవాళ్ళకి కాస్త ఊరట.

(నవ్వులు)

కాబట్టి క్యాంపస్‌లో నిజంగా చూడాల్సింది ఏమిటంటే, ఆ చోటు మనుషుల్ని ఒకరిమీదికొకర్ని ఎలా తోస్తుంది? ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ తింటారు, ఎవరి గుమ్మం ముందునుంచి ఎవరు నడుస్తారు, ఎవరితో ఎవర్ని ఎవరు కలుపుతారు. పిల్ల "బాగా అనిపించింది" అన్నప్పుడు కొంత ఇదే పసిగట్టి ఉంటుంది. మాటల్లో పెట్టలేక ఊరుకుంటుంది, అంతే.

హార్వర్డ్ పిల్లల మీద చేసిన ఒక పరిశీలన నాకు వీటన్నిట్లోకీ ఇష్టం. అక్కడ మొదటి ఏడాది అందరూ హార్వర్డ్ యార్డ్ లోపలో చుట్టుపక్కలో ఉంటారు. ఆ తర్వాత మూడేళ్ళకి 12 హౌసుల్లో ఏదో ఒకటి లాటరీలో వస్తుంది. కొన్ని నది ఒడ్డున, తరగతులకి దగ్గర. మూడు మాత్రం దాదాపు మైలు దూరంలో క్వాడ్ అనేచోట. క్వాడ్ వస్తే కొంపమునిగినట్టే ఏడుస్తారు. ఎలిజబెత్ డన్, టిమతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ 2003లో ఏం చేశారంటే, లాటరీకి ముందు "మంచి హౌస్ వస్తే ఎంత సంతోషంగా ఉంటావు, చెడ్డది వస్తే ఎంత?" అని అడిగి రాసుకున్నారు. తర్వాత అక్కడ కాపురం పెట్టాక ఎలా ఉన్నారో అడిగారు. ఊహించినంత తేడా రాలేదు. కావాల్సింది వచ్చినవాళ్ళు అనుకున్నంత పొంగిపోలేదు, వద్దనుకున్నది వచ్చినవాళ్ళు అనుకున్నంత కుంగిపోలేదు. ఎక్కడ పొరపాటు పడ్డారు? ఊహించేటప్పుడు గది సైజూ, దూరమూ చూశారు, ఎందుకంటే హౌసుకీ హౌసుకీ తేడా కొట్టొచ్చినట్టు కనబడేది అక్కడే. తీరా రోజులు గడిపేటప్పుడు పనికొచ్చేది చుట్టూ ఉన్న మనుషులు. ఆ మనుషులు ఏ హౌస్‌లోనైనా దాదాపు ఒకేరకం, కాబట్టి ఎవరూ వాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు.

రెండు యూనివర్సిటీల మధ్య తూచేటప్పుడు మనమూ సరిగ్గా ఇదే చేస్తాం. రెంటికీ తేడా ఉన్నవి పట్టుకుంటాం, మనకి పట్టేవి వదిలేస్తాం.

ఆ హౌసుల కథ కొంచెం చెప్పనివ్వండి, పక్కదారే కానీ బాగుంటుంది. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అని స్టాండర్డ్ ఆయిల్ సంపద వారసుడు. యేల్‌లో చదివాడు. పిల్లలు క్లబ్బులుగా విడిపోయి, అందులో చేరలేనివాళ్ళు ఒంటరిగా మిగిలిపోవడం ఆయనకి నచ్చలేదు. చిన్న చిన్న కాలేజీలుగా విడదీసి అందర్నీ కలిపి ఉంచండి, డబ్బు నేనిస్తానన్నాడు తన యేల్‌తో. యేల్ నానబెట్టింది. విసుగొచ్చి 1928లో హార్వర్డ్‌కి వెళ్ళాడు. వాళ్ళు వెంటనే పట్టేసుకున్నారు, 1930లో మొదటి హౌసులు తెరిచారు. తర్వాత యేల్ తేరుకుని తానూ తీసుకుంది. ఆగర్భశత్రువుల్లా ఫుట్‌బాల్ ఆడుకునే ఈ రెండుచోట్లా పిల్లలు కలిసి బతికే పద్ధతికి డబ్బు పెట్టింది ఒకే మనిషి. అందుకే హార్వర్డా, యేలా అని నా దగ్గరికొచ్చిన పిల్లలకి ఒకటే చెబుతాను. మీరనుకున్నంత తేడా లేదు. చూడాల్సిన తేడా ఒకటే. యేల్‌లో 14 కాలేజీల్లో ఏది మీదో మీరు అడుగుపెట్టక ముందే చెప్పేస్తారు. హార్వర్డ్‌లో మొదటి ఏడాది చివర్లో మీ జట్టుని మీరే కట్టుకుని లాటరీకి వెళ్ళాలి. స్నేహాలు నెమ్మదిగా కుదిరే పిల్లకి, మార్చికల్లా జట్టు కట్టెయ్యాలన్న ఒత్తిడి చిన్నదేం కాదు. ఇది ఏ ర్యాంకుల పట్టికలోనూ ఉండదు.

హార్వర్డ్, ఎమ్ఐటీల మధ్యయితే తేడా బోలెడు. రెండూ ఒకే ఊళ్ళో, సబ్‌వేలో రెండు స్టాపుల దూరం. ఒకచోట చేరినవాళ్ళు రెండోచోట కోర్సులు తీసుకోవచ్చు కూడా. కానీ ఎమ్ఐటీలో భవనాలకి అంకెలు, మేజర్లకీ అంకెలు. ఆరో నంబర్ కోర్సు అంటే ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్. పద్దెనిమిది అంటే లెక్కలు. మధ్యలో ఇన్ఫినిట్ కారిడార్, 251 మీటర్ల పొడవు, భవనాల్ని కలుపుకుంటూ పోతుంది. చలికాలం అందరూ దాంట్లోంచే నడుస్తారు. వెస్ట్‌గేట్ మెట్ల సంగతి గుర్తు తెచ్చుకోండి. ఎవరూ ప్లాన్ చెయ్యకుండానే ఎవరో ఒకరు రోజూ ఎదురుపడతారు. మొదటి సెమిస్టర్‌లో మార్కులుండవు. పాసైతే పాస్, కాకపోతే రికార్డులోకే రాదు. డార్మ్, అంటే హాస్టల్, ఏది కావాలో పిల్లలు వరుస పెట్టి చెప్పొచ్చు, ఒక్కో డార్మ్‌ది ఒక్కో తీరు. హార్వర్డ్ కావాలని కలిపేస్తుంది, ఎమ్ఐటీ ఎవరి గుంపుని వాళ్ళు వెతుక్కోమంటుంది. మీ పిల్ల ఏ రకం? దీనికి జవాబు క్యాంపస్‌లో దొరకదు, ఇంట్లోనే దొరుకుతుంది.

స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఇంకా ఎడం. స్టాన్‌ఫర్డ్ 8,180 ఎకరాలు, అండర్‌గ్రాడ్లు, అంటే డిగ్రీ పిల్లలు, సుమారు 8 వేలు. నాలుగేళ్ళూ క్యాంపస్‌లో ఉండటానికి చోటు గ్యారంటీ. బర్క్‌లీలో అండర్‌గ్రాడ్లే 30 వేలకు పైన, క్యాంపస్ ఊళ్ళో కలిసిపోయి ఉంటుంది, మొదటి ఏడాది తర్వాత చాలామంది బయట అద్దె ఇళ్ళు వెతుక్కుంటారు. 1964లో ఫ్రీ స్పీచ్ ఉద్యమం మొదలైన స్ప్రౌల్ ప్లాజాలో ఇప్పటికీ మధ్యాహ్నం వెళ్తే బల్లలు వేసుకుని కరపత్రాలు పంచుతూ మీదపడతారు. కొందరికి అది ప్రాణం లేచివచ్చినట్టుంటుంది. కొందరికి అక్కడినుంచి పారిపోవాలనిపిస్తుంది. అనిపించడానికి నేను నూటికి నూరు మార్కులు వేసేది ఇక్కడే. ఎండ రేపు పోతుంది, స్ప్రౌల్ ప్లాజా పోదు. ఇంకోటి, స్టాన్‌ఫర్డ్‌ది క్వార్టర్ పద్ధతి, పది వారాల్లో కోర్సు అయిపోతుంది. జ్వరమొచ్చి వారం పడుకుంటే పదోవంతు పోయినట్టే. బర్క్‌లీది సెమిస్టర్. టూర్‌లో ఇది ఎవరూ గట్టిగా చెప్పరు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల గురించి ఎవరో చీటీ పంపారు. అక్కడ ఈ ఏప్రిల్ బాధే లేదండీ. అండర్‌గ్రాడ్‌కి ఒకే ఏడాది రెండింటికీ దరఖాస్తు పెట్టనివ్వరు. అక్టోబర్‌లోనే ఏదో ఒకటి తేల్చుకోవాలి. రెండుచోట్లా మీ కాలేజీయే మీ ఇల్లు, మీ మెస్సు. కాబట్టి ఈ ఊరా ఆ ఊరా అని కొట్టుకునే బదులు ముందు కోర్సు సిలబస్ పక్కపక్కన పెట్టి చూడండి.

క్యాంపస్‌కి వెళ్తే ఏం చెయ్యాలి? టూర్‌కి వెళ్ళండి, తప్పులేదు, కాళ్ళకి మంచిది. తర్వాత ఒక్కరే ఉండండి. రాత్రి పదిన్నరకి డార్మ్ కామన్ రూమ్‌లో ఎవరున్నారో చూడండి. పీసెట్లు, అంటే హోమ్‌వర్క్ లెక్కలు, ఒక్కొక్కరే కూర్చుని చేసుకుంటున్నారా, నలుగురూ బోర్డు దగ్గర నిలబడి వాదించుకుంటున్నారా? భోజనాల హాల్లో ప్లేటు పట్టుకుని తెలియనివాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చోండి. జరిగి చోటిచ్చారా, ఫోన్లోకి తల దించుకున్నారా? "ఇక్కడ బాగుందా?" అని మాత్రం ఎవర్నీ అడగొద్దు. బాగుందనే అంటారు. "నిన్న రాత్రి ఎవరితో తిన్నావు? వాళ్ళు ఎలా పరిచయం?" అని అడగండి. కొత్తగా చేరినవాళ్ళ దగ్గరే కాదు, మూడో ఏడాదిలో ఉన్నవాళ్ళ దగ్గర అడగండి. మొదటి ఏడాదివాళ్ళు ఇంకా మత్తులోనే ఉంటారు.

ఇప్పుడు ప్రశ్నలకి వద్దాం.

(ఒక తండ్రి: "సార్, అంత దూరం వెళ్ళి చూసే వీలు మాకు లేదు. ఏం చెయ్యాలి?")

చాలామందికి ఉండదండీ. సిగ్గుపడాల్సిందేం లేదు, నిజానికి మబ్బు గొడవ తప్పింది. విద్యార్థులు నడిపే పత్రికలు చదవండి. హార్వర్డ్ క్రిమ్సన్, ఎమ్ఐటీది ది టెక్, స్టాన్‌ఫర్డ్ డైలీ, బర్క్‌లీ పిల్లల డైలీ కాలిఫోర్నియన్, యేల్ డైలీ న్యూస్. అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. విజయాల వార్తలు దాటేసి, పిల్లలు దేనిమీద గొడవపడుతున్నారో చూడండి. ఒకచోట హౌసింగ్ దొరకక, ఒకచోట క్లబ్బుల్లో చేరడానికే ఇంటర్వ్యూలు పెట్టడం మీద, ఒకచోట మెంటల్ హెల్త్ అపాయింట్‌మెంట్ల మీద. ఆ గొడవల్లో ఏది మీకు భరించదగ్గదో చూసుకోండి.

(ఒక తల్లి: "మా అమ్మాయి లాభాలూ నష్టాలూ అని పెద్ద పట్టిక వేసింది. ఇంకా తేలలేదు.")

పట్టిక తీసి పక్కన పెట్టమనండమ్మా. విల్సన్, ఆయన తోటివాళ్ళు 1993లో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకి కొన్ని పోస్టర్లు చూపించి, నచ్చింది ఇంటికి తీసుకెళ్ళమన్నారు. కొందర్ని మాత్రం ఎందుకు నచ్చిందో కారణాలు ముందు రాయమన్నారు. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేస్తే, కారణాలు రాసి ఎంచుకున్నవాళ్ళే ఎక్కువ అసంతృప్తిగా ఉన్నారు. రాయడానికి వీలైన కారణాలే రాస్తాం, అవే అసలు కారణాలు కానక్కర్లేదు. పోస్టర్ వేరు, యూనివర్సిటీ వేరు, ఒప్పుకుంటాను. కానీ వాస్తవాలు సేకరించడం అయిపోయాక నలభయ్యో వరస రాయడం వల్ల తేలేది ఏమీ లేదు.

(ఒక విద్యార్థిని: "ఒకటి ఎంచుకున్నాక, రెండోదే బాగుండేదేమో అనిపిస్తే?")

అనిపిస్తుంది. మే 2 పొద్దున్నే అనిపిస్తుంది. దీనికీ ఒక పరిశీలన ఉంది. గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో హార్వర్డ్‌లో ఫొటోగ్రఫీ కోర్సు పెట్టి, విద్యార్థులు తీసిన రెండు ఫొటోల్లో ఒకటే ఉంచుకోమన్నారు. మార్చుకునే వీలున్నవాళ్ళకి తమ ఫొటో అంతగా నచ్చలేదు. మార్చుకునే వీల్లేనివాళ్ళకి తమది బాగా నచ్చింది. కాబట్టి డిపాజిట్ కట్టగానే రెండో యూనివర్సిటీ పోర్టల్ తెరువు. చేరడం లేదు అని చెప్పే బటన్ అక్కడే ఉంటుంది. ఆ రోజే నొక్కెయ్యి తల్లీ, ఆఖరి రాత్రి దాకా ఉంచకు. ఆ సీటు కోసం వెయిట్‌లిస్ట్‌లో ఇంకెవరో కూర్చుని ఉంటారు.